బద్ద మీద సగం చుక్క

"ముట్టుకోవద్దన్నానా!"

ఆమె అరుపుకి భర్త చేతిలో పార ఆగింది. పెరట్లో గొయ్యి అప్పటికే మోకాలి లోతుకి వచ్చింది. గొయ్యి పక్కన వల పడి ఉంది, తడిసిన గేదె పడుకున్నట్టు.

నాచు పట్టి నల్లబడిపోయింది. కుప్పలో చేపల ముళ్ళు, నత్తగుల్లలు, ఒక కొంగ రెక్క. ఈ ఏడు సరస్సు ఎన్నడూ లేనంతగా దిగిపోయి, నడిమధ్యలో మునిగిన చెట్ల మోళ్ళు బయటపడ్డాయి. ఆ మోళ్ళకి చుట్టుకుని ఉందిది. రేపు పొద్దున చేపల వేట నిషేధం గడువు తీరుతుంది. నలభై పడవలు దిగుతాయి. ఎవరి వలైనా దీనికి తగులుకుంటే చిరిగిపోతుందని, పొద్దున్నే ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని వెళ్ళి ఈడ్చుకొచ్చాడు.

"చూడాల్సింది చూశావు. అంచున ముడి నీదే. ఇరవై ఏళ్ళ కింద గాలివానలో నా చేతిలోంచి పోయిన వల. దొరికింది, పూడ్చేస్తున్నా. ఇందులో పంచాయితీ ఏముంది?"

"పంచాయితీ లేకపోతే అంత తొందరేంటి?"

"కంపు. కంపే తొందర."

వసారాలో మంచం మీద కూర్చున్న అత్త ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఒరేయ్, ఆ మాట నిజమే. చూపు పోయింది గానీ ముక్కు పోలేదు నాకు."

కూతురు వల పక్కన గొంతుక్కూర్చుని ఉంది. జాలర్ల సంఘం షెడ్డులో కాటా దగ్గర పని ఆ పిల్లది. ఏ పడవ ఎంత తెచ్చిందో తూచి చెబుతుంది. వేళ్ళతో నాచు పక్కకి తీసి, "నాన్నా, ఇవి బతికున్నాయి" అంది.

రెండు కొర్రమీను చేపలు. మొప్పలు ఇంకా ఆడుతున్నాయి. బకెట్లో నీళ్ళు తెచ్చి వాటిని వదిలింది. ఒకటి పక్కకి ఒరిగింది. రెండోది గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది.

"నా అంత వయసు కదా ఈ వలకి?"

"నువ్వు కడుపులో ఉండగా అల్లాను" అంది తల్లి.

"అప్పట్నుంచీ అడుగున ఇది పడుతూనే ఉందా?"

అత్త అంది: "వలకి మనిషితో పనేముందే. పడితే పట్టుకుంటుంది."

"మరి పట్టిందంతా ఎవరికి నాయనమ్మా?"

అత్త కొంగు మళ్ళీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

ఆమెను ఒడ్డున అందరూ అల్లికమ్మ అంటారు. అసలు పేరు రేషన్ కార్డులో ఉంటుంది. నలభై పడవల వలలూ ఆమె చేతిమీదుగా పోవాల్సిందే. అల్లిక ముగిశాక అంచున ఒక ముడి వేస్తుంది, కుడికి రెండు మెలికలు, ఎడమకి ఒకటి. ఆ ముడి ఇంకెవరికీ పడదు. ఇరవై ఏళ్ళు నీళ్ళ అడుగున ఉండి కూడా ఆ ముడి వీడలేదు. చూస్తుంటే ఆమెకు గర్వం కలగాలి. కలగలేదు.

కన్ను పెద్దదిగా ఉంది.

వల కన్ను. వలలో ఒక్కో గడినీ కన్ను అంటారు. పొద్దున వల కుప్ప దించినప్పుడే ఆమె చేతికి ఆ తేడా తగిలింది. చేతికి తెలిసింది మనసుకి ఎక్కడానికి ఇంతసేపు పట్టింది.

లోపలికి వెళ్ళి బద్ద తెచ్చింది.

అరచేతిలో ఇమిడే కొయ్యముక్క అది. అల్లేటప్పుడు దారాన్ని దాని చుట్టూ తిప్పి ముడి వేస్తారు. బద్ద వెడల్పు ఎంతో కన్ను అంత. అత్త చేతిలోంచి ఆమె చేతికి వచ్చింది. చేప పిల్లలు జారిపోవడానికి ఎంత కన్ను ఉండాలని చట్టం చెబుతుందో ఈ బద్ద సరిగ్గా అంతే ఉందని, ఒకప్పుడు చేపల శాఖ అధికారి మెచ్చుకుని వెళ్ళాడట. సంఘం వాళ్ళు వలలు కొలిచే కర్రని కూడా మూడేళ్ళ కింద దీని పక్కన పెట్టుకునే చెక్కారు.

బద్దను పాత వల కంట్లో దూర్చింది. బిగుతుగా ఆగాలి.

దూరి, అవతలి నుంచి కిందపడింది.

గొయ్యి అంచున మట్టిలో పడిన బద్దను ఆమె తీసి తుడిచింది.

"సాగింది" అన్నాడు భర్త. "ఇరవై ఏళ్ళు నీళ్ళలో నానితే నువ్వైనా సాగుతావు."

"నైలాన్ సాగుతుందా?"

"సాగదని ఎవరు చెప్పారు? నువ్వు వెళ్ళి చూశావా అడుగుకి?"

ఆమె వసారాలోకి వెళ్ళింది. చూరుకి వేలాడుతున్న కొత్త వల, రేపు తమ పడవలో వెళ్ళాల్సింది, చివర పట్టుకుని లాగింది. బద్ద దూర్చింది. ఇటు కదల్లేదు, అటు కదల్లేదు. అచ్చుగుద్దినట్టు.

"చూశావా, సరిగ్గా ఉంది" అన్నాడతను.

"బద్దకి సరిగ్గా ఉంది. బద్ద సరిగ్గా ఉందా అని."

"మాటలు నేర్చావు."

"ఇటివ్వండి" అంది అత్త. చెయ్యి చాపింది. "నలభై ఏళ్ళు పట్టుకున్నాను దాన్ని. నా నాలుగు వేళ్ళ వెడల్పు అది."

బద్దను ఎడం చేతిలో పెట్టుకుని, కుడిచేతి వేళ్ళు నాలుగు దగ్గరగా చేర్చి దాని మీద ఆనించింది. చిటికెన వేలు బయట మిగిలిపోయింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ మిగిలింది.

"నీ వేళ్ళు వాచాయమ్మా. వాతం" అన్నాడు కొడుకు.

"చిటికెన వేలుకి మాత్రం వాతం లేదురా. దానితో ఏ పనీ చెయ్యలేదు నేను." ఆమె వేళ్ళు బద్ద మీద పాకాయి. ఒకచోట ఆగాయి. "మీ నాన్న దీన్ని చెక్కినప్పుడు కాల్చిన కమ్మీతో రెండు చుక్కలు పెట్టాడు. ఈ అంచు దగ్గర ఒకటి, ఆ అంచు దగ్గర ఒకటి. కందిగింజంత లోపలికి. ఇదిగో ఒకటి. రెండోది ఏదమ్మాయ్?"

"అక్కడే ఉంది అత్తా."

"తగలట్లేదు."

కోడలు వంగి చూసింది. పాతికేళ్ళుగా రోజూ చేతిలో ఉన్న వస్తువు. రోజూ చూసేదాన్ని ఎవరు చూస్తారు.

రెండో చుక్క ఉంది. సగం. అంచు దాని మధ్యలోంచి పోయింది. మిగిలిన సగం నల్లగా, సగం మూసిన కంటిలా ఉంది.

అత్త కాలంలో నూలుదారం. నైలాన్ దారం కొయ్యని తినేస్తుంది. రంపంలా కాదు, నాలుకలా. రోజుకి వెయ్యి ముళ్ళు. ముడి ముడికీ ఒక లాగు. పాతికేళ్ళు. ఎవరికీ కనపడకుండా, ఎవరూ తప్పు చెయ్యకుండా, కన్ను మూసుకుంటూ వచ్చింది.

"ఇప్పుడర్థమైంది" అంది కూతురు మెల్లగా. "నేను కాటాలో చేరిన ఏడాది కిలోకి నాలుగు తూగేవి. పోయినేడు తొమ్మిది. వేళ్ళంత చేపలు నాన్నా. నేను చెప్తే, నీళ్ళలో తిండి లేదన్నావు."

"తిండి లేదు కాబట్టే."

"పెరిగేదాకా ఉంచితే కదా తినడానికి!"

"నువ్వు కాటా చూసుకో. సంఘం నేను చూసుకుంటా."

ఆ మాట అన్నాక అతను పార తీసుకున్నాడు. మళ్ళీ తవ్వడం మొదలుపెట్టాడు. ఒడ్డుకి పెద్ద అతను. సంఘం పెద్ద. గొయ్యి తవ్వేటప్పుడు కూడా వీపు నిటారుగా ఉంటుంది.

అప్పుడు ఆమెకు వినిపించింది.

టక్. టక్ టక్.

ఒడ్డు వైపు నుంచి. ఎండ ముదిరాకే వస్తుంది. పడవ అంచు మీద తెడ్డుతో కొట్టి చేపల్ని వల వైపు తోలే చప్పుడు. నిషేధం నెలల్లో ఏ పడవా దిగదు. ఆ చప్పుడు చేసే మనిషి పోయి రెండేళ్ళు.

"విన్నావా?" అంది.

"ఎండకి చెక్క పగులుతోంది" అన్నాడు అతను, తల ఎత్తకుండా. ఏ చెక్కో చెప్పలేదు, ఏ చప్పుడో అడగలేదు.

*

వంటింట్లో పొయ్యి మండుతోంది. అన్నం వార్చి గిన్నె దించి పెట్టింది గానీ ఎవరూ కంచాల ముందు కూర్చోలేదు.

అతను గుమ్మంలో నిలబడ్డాడు. చేతులకి మట్టి. వల గోతిలోకి పోయింది. బద్ద ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"చెప్పేది విను" అన్నాడు. గొంతు తగ్గించాడు. అతను అరిస్తే భయం లేదు, తగ్గిస్తేనే భయం. "కొత్త బద్ద చెక్కుతాను. ఇవాళే. రేపట్నుంచి నువ్వు అల్లేదంతా సరైన కన్నుతో అల్లు. ఏడాది తిరిగేసరికి ఒక్కొక్కటే పాత వలలు పోతాయి, కొత్తవి వస్తాయి. ఎవరికీ తెలియాల్సిన పనిలేదు. చేపలూ బాగుంటాయి, మనమూ బాగుంటాం."

"రేపు దిగేవి?"

"రేపు దిగేవి దిగుతాయి."

"గుడ్లు పెట్టి మూడు నెలలైంది. పిల్లలన్నీ ఒడ్డు పక్కనే ఉంటాయి. ఈ నలభై వలలూ ఒక్కసారి దిగితే..."

"దిగకపోతే నలభై ఇళ్ళలో ఏం వండుతారు? నీ సగం చుక్క వండుతారా?"

అతను చెప్పింది అబద్ధం కాదు. మూడు నెలలుగా ఒడ్డున ఎవరి ఇంట్లో ఏముందో ఆమెకు తెలుసు. పక్కింటామె నిన్న చేట పట్టుకుని బియ్యానికి వచ్చి, వదినా ఒక్క మూడు రోజులే అని నవ్వింది. ఆ నవ్వు ఎలాంటిదో తెలుసు.

"సరే" అంది. "రేపటి సంగతి అలా ఉంచు. టకటక తాత సంగతేంటి?"

ఇంట్లో ఆ పేరు పలికి రెండేళ్ళయింది. వసారాలో అత్త విసురుతున్న విసనకర్ర ఆగింది.

రెండేళ్ళ కింద అధికారి చెప్పాపెట్టకుండా వచ్చాడు. ఉక్కురేకు కొలత తెచ్చాడు. ఒడ్డున ఆరేసిన వలల్లో చేతికందిన ఒకదాన్ని కొలిచాడు. తక్కువొచ్చింది. అది టకటక తాతది. "మన అల్లికమ్మ అల్లిందే బాబూ, కొలత తప్పే చెయ్యి కాదు అది" అన్నాడు తాత. అందరూ ఆమె వైపు చూశారు. ఆమె అంచు చూసింది. ముడి లేదు. తాడు మార్చినప్పుడు ఆ అంచు కోసేశాను తల్లీ, ఆ ముక్క పడవలో ఎక్కడో ఉంటుంది, వెతికి తెస్తాను అన్నాడు.

అప్పుడామె ఒక మాట అంది. నిజమనే అనుకుని అంది.

"నేను ఇంత సన్న కన్ను అల్లను."

అంతే. సంఘం కట్టుబాటు ప్రకారం తాత పడవని ఒడ్డుకి లాగి బోర్లా వేశారు. ఏడాది నీళ్ళలోకి దిగకూడదు. ఆయన ఎవరితోనూ గొడవ పడలేదు. రోజూ వచ్చి ఆ పడవ నీడన కూర్చునేవాడు. తెడ్డుతో దాని వీపు మీద టక్ టక్ అని కొట్టుకునేవాడు. నెల తిరక్కుండానే ఒకరోజు మధ్యాహ్నం చప్పుడు ఆగింది. భోజనానికి పిలవడానికి వెళ్ళిన వాళ్ళకి కూర్చున్నట్టే కనిపించాడట.

"ముసలాయన ఆయుష్షు తీరి పోయాడు" అన్నాడు భర్త. "నీ మాటతో పోలేదు."

"ఆ వల నాదే."

"కాదన్నావు కదా."

"తెలియక అన్నాను. ఇప్పుడు తెలిసింది. ఆ కన్ను నా బద్దదే."

"దానికి సాక్ష్యం ఎవరు? మూడు వరసల ముక్క ఒకటి పట్టుకొచ్చి, ఇదిగో ముడి అన్నంత మాత్రాన అది నీ వల అయిపోతుందా?"

పొయ్యిలో పుల్ల చిటపటమంది.

"ఏ ముక్క?" అంది ఆమె.

"ఏది?"

"మూడు వరసల ముక్క అన్నావు."

"మాటవరసకి అన్నాను."

"మాటవరసకి నాలుగనొచ్చు. రెండనొచ్చు."

అతను రెండంగల్లో వచ్చి ఆమె చేతిలోని బద్ద లాక్కుని పొయ్యిలో పడేశాడు. అంత తొందరగా అతను కదలడం ఆమె ఎప్పుడూ చూడలేదు. పాతికేళ్ళు చేతి చెమట తాగిన కొయ్య. వెంటనే అంటుకోలేదు, ముందు నూనెలా మెరిసింది.

ఆమె చెయ్యి పెట్టి తీసింది.

"అమ్మా!" కూతురు పరుగెత్తుకొచ్చింది. అప్పటికే బద్ద కొంగులో ఉంది. వేళ్ళ కొసలు ఎర్రగా పొంగుతున్నాయి. ఒక కొస మాడింది గానీ చుక్కలున్న వైపు మాడలేదు. ఒకటి నిండుగా, ఒకటి సగం.

"పిచ్చెక్కిందా నీకు?" అన్నాడతను. గొంతులో కోపం కంటే వేరేదేదో ఉంది.

వసారాలోంచి అత్త గొంతు వచ్చింది. "పిచ్చి ఎవరికిరా? మీ నాన్న చెక్కిన దాన్ని నిప్పుల్లో వెయ్యడానికి నీకు చెయ్యెలా వచ్చింది?"

అతను చొక్కా తగిలించుకుని షెడ్డుకి వెళ్ళిపోయాడు. రెండింటికి వలల కొలత ఉంది. కొలత అయ్యాక పడవల వరస చెప్పాలి.

కూతురు తల్లి చేతిని నీళ్ళ గిన్నెలో ముంచింది.

"అమ్మా, ఆ అధికారి వదిలి వెళ్ళిన ఉక్కురేకు తెలుసా? షెడ్డులో గోడకి తగిలించమని ఇచ్చాడు. నాన్న తుప్పు పడుతుందని బీరువాలో పెట్టి తాళం వేశాడు." ఆగింది. "ఉక్కుకి అంత తొందరగా తుప్పెందుకు పడుతుందా అనుకున్నాను అప్పట్లో."

"తాళంచెవి ఎక్కడుంది?"

"ఒకటి నాన్న మొలతాడుకి. ఇంకొకటి కాటా కింద."

తల్లి చెయ్యి నీళ్ళలోంచి తీసింది.

*

ఒడ్డు దారిలో ఆమెకు ఎవరూ ఎదురు రాలేదు. అందరూ షెడ్డు దగ్గరే ఉన్నారు. అటువైపు నుంచి నవ్వులు, కేకలు. మూడు నెలల తర్వాత నీళ్ళలోకి దిగబోయే వాళ్ళ నవ్వులు.

నీళ్ళు దూరంగా జరిగిపోయాయి. ఒకప్పుడు అలలు తాకేచోట ఇప్పుడు పగిలిన బురద. ఆ బురదకి ఇవతల తాత పడవ బోర్లా పడి ఉంది. ఏడాది శిక్ష ఎప్పుడో తీరింది. తిప్పి పెట్టడానికి ఎవరికీ చేతులు రాలేదు.

పడవ వీపు మీద ఒకచోట తారు రాలిపోయి, అరచేయంత మేర కొయ్య గుంటపడి ఉంది. తెడ్డు పడిన చోటు. చెయ్యి వేసింది. ఎండకి కాలుతోంది. కాలిన వేళ్ళకి ఆ వేడి ప్రాణం తోడినట్టుంది. చెయ్యి తియ్యలేదు.

టక్.

చేతి కిందే. లోపలి నుంచి.

ఆమె పారిపోలేదు. పారిపోతే ఇంక ఎప్పటికీ రాలేనని తెలుసు. మోకాళ్ళ మీద వంగి, పడవ ఒక పక్క ఎత్తుగా ఉన్న సందులోంచి లోపలికి దూరింది.

చీకటి కాదు, మసక. పలకల సందుల్లోంచి ఎండ గీతలు గీతలుగా దిగుతోంది. ఎండిన నాచు వాసన, దాని కింద మనిషి వాసన. కూర్చునే అడ్డబల్ల తలకిందులుగా ఆమె నెత్తిమీద ఉంది. దానికి ఒక దారంతో, వల మునగడానికి కట్టే సీసం గుండు వేలాడుతోంది. మధ్యాహ్నపు గాలి తోసినప్పుడల్లా వెళ్ళి పలకకి తగులుతోంది.

టక్. టక్ టక్.

హమ్మయ్య అనుకోబోయింది. అనుకోలేకపోయింది. గుండు తనంతట తాను వేలాడదు. ఎవరో కట్టారు. గుండుతో పాటు దారానికి ఇంకోటి కట్టి ఉంది. వల ముక్క. జానెడు పొడవు.

విప్పి ఎండ గీత కిందికి తెచ్చింది. అంచు. అంచున ముడి. కుడికి రెండు మెలికలు, ఎడమకి ఒకటి.

వరసలు లెక్కపెట్టింది. ఒకటి. రెండు. మూడు.

వెతికి తెస్తానన్నాడు. వెతికాడు. తెచ్చాడు కూడా. ఆమె దగ్గరికి కాదు. సంఘం పెద్ద ఉండగా ఆడవాళ్ళ దగ్గరికి ఎందుకు తెస్తాడు, పద్ధతి తెలిసిన మనిషి.

పడవ కింద ఎంతసేపు కూర్చుందో ఆమెకు తెలియదు. తాత కూర్చున్నట్టే కూర్చుంది.

*

"తర్వాత ఎవరిది? చెయ్యాడించండి, పొద్దుగూకేదాకా ఇక్కడే ఉంటామా!"

షెడ్డు మెట్ల మీద సంఘం పెద్ద నిలబడి ఉన్నాడు. చేతిలో సంఘం కర్ర. ఒక్కొక్కళ్ళూ వల కొస అందిస్తున్నారు, కర్ర కంట్లో పెట్టి చూసి, ఊఁ అంటున్నాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఉంటాయి మరి. కర్ర పుట్టిందే ఆ బద్ద పక్కన.

జనం కాస్త పక్కకి జరిగారు. అల్లికమ్మ వస్తోంది. మోకాళ్ళకి బురద. జుట్టులో ఎండిన నాచు.

"ఏంటి వదినా, నిషేధం తీరకుండానే దిగావా ఏంటి?" ఎవడో నవ్వాడు. ఇంకో ఇద్దరు నవ్వారు. ఆమె మొహం చూసి ఆపేశారు.

మెట్ల కింద ఆగింది. ఒక చేతిలో మాడిన బద్ద. రెండో చేతిలో వల ముక్క. అతను ముందు ముక్కనే చూశాడు. బద్దను చూడలేదు.

"ఇంటికి పద" అన్నాడు, ఆమెకు మాత్రమే వినపడేలా. "ఇంట్లో మాట్లాడుకుందాం."

"మూడే" అంది ఆమె. "లెక్క సరిగ్గానే చెప్పావు."

అతని పెదవులు కదిలాయి. చుట్టూ నలభై ఇళ్ళ మనుషులు. మెట్టు దిగి దగ్గరికొచ్చాడు.

"నీ కోసమే. ఆ ముక్క పైకొస్తే ఒడ్డున నీ చెయ్యి ఆగిపోయేది. నీ చేత్తో అల్లిన వల ఎవరూ ముట్టుకునే వాళ్ళు కాదు. ముసలాయనకి అదే చెప్పాను. ఆయనా సరే అన్నాడు. నీ మీద మాట రాకూడదు బాబూ అన్నాడు. ఆయన సరే అన్నాడే! నేను బలవంతం చెయ్యలేదు."

ఆమె కళ్ళు మూసుకుంది. సరే అన్నాడు. నీళ్ళలో పుట్టి పెరిగిన మనిషి, ఆమె చెయ్యి ఆగకూడదని, నేల మీద కూర్చుని, కొయ్య మీద కొట్టుకుంటూ సరే అన్నాడు.

"ఆయన సరే అంటే నువ్వెలా సరే అన్నావు?" అంది. ఆమె గొంతు తగ్గించలేదు.

జనంలో గుసగుస మొదలైంది. షెడ్డు లోపల బీరువా తలుపు కిర్రుమంది. కూతురు బయటికొచ్చింది. రెండు చేతుల్లోనూ ఉక్కురేకు, కాటా పళ్ళెం మోసినట్టు. ఎక్కడా తుప్పు లేదు. ఎండ పడి అందరి మొహాల మీదా ఒకసారి మెరిసింది.

"ఎవరు తియ్యమన్నారు దాన్ని?" అన్నాడు తండ్రి.

"నేనే" అంది అల్లికమ్మ. జనం వైపు తిరిగింది. జీవితంలో ఎప్పుడూ ఇంతమంది ముందు మాట్లాడలేదు. మాట్లాడిన ఒక్కసారీ ఒక మనిషి పోయాడు.

"టకటక తాత వల నేను అల్లిందే" అంది. "కాదన్నాను. తప్పు చెప్పాను. బద్ద అరిగిపోయింది, నాకు తెలియలేదు. మీ చేతుల్లో ఉన్నవన్నీ సన్న కన్నువే. అన్నీ నావే."

అందరూ చేతుల్లో వలలు పట్టుకుని నిలబడ్డారు, వాటిని ఎలా పట్టుకోవాలో మర్చిపోయినట్టు. పక్కింటామె వల ఒడిలో పెట్టుకుని నేల మీద కూలబడింది. "వదినా, రేపు కడుపునిండా పెడతానని పిల్లలకి చెప్పానే" అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నోటిమాట నమ్మొద్దు" అంది అల్లికమ్మ. "కొలవండి. ముందు మా ఇంటి వల తీసుకురండి."

ఎవరో పరుగెత్తారు. వల వచ్చింది. రెండు కొసలు ఇద్దరు పట్టుకున్నారు. కూతురు ఉక్కురేకు తల్లి చేతికి ఇవ్వబోయింది. తల్లి తీసుకోలేదు. మెట్ల మీద ఉన్న మనిషి వైపు చూపించింది.

"సంఘం పెద్ద కొలవాలి. పద్ధతి అదే."

కూతురు వెళ్ళి తండ్రి ముందు నిలబడి రేకు చాపింది. అతను అందుకున్నాడు. అందుకోకుండా ఉండలేడు. అందరూ చూస్తున్నారు. ఒక మెట్టు దిగాడు. రెండో మెట్టు దిగాడు. వల కన్ను ఒకటి వేళ్ళతో విప్పి పట్టుకున్నాడు. రేకు కొస దాని దగ్గరికి తెచ్చి ఆపేశాడు.

తల పక్కకి తిప్పి ఒడ్డు వైపు చూశాడు. అక్కడ బోర్లా పడిన పడవ తప్ప ఏమీ లేదు.

"దాన్ని ఆపమను" అన్నాడు.

"దేన్ని?"

"ఆ కొట్టడం. ఎవరో కొడుతున్నారు చూడు. ఆపమను ముందు."

ఆమె చెవి పెట్టి వింది. గాలి లేదు. సీసం గుండు తన కొంగు ముడిలో ఉంది. రెండేళ్ళలో మొదటిసారి ఆ ఒడ్డున ఆమెకు ఏ చప్పుడూ వినిపించలేదు.

"ఏమీ లేదయ్యా" అంది. "కొలువు."